టెన్త్ ప్రైవేటుగా కట్టాలి. చదివిన స్కూలే మూతపడింది, టీసీ లేదు. ఎక్కడ మొదలుపెట్టాలి?

పానా సత్తి | ఆగస్టు 4, రాత్రి 11:10
అందరికీ నమస్కారం. నాకు 28 ఏళ్లు, తాడేపల్లిగూడెం దగ్గర ట్రాక్టర్ల షెడ్డులో పని. తొమ్మిదో తరగతి మధ్యలో మానేశాను, అప్పుడు నాన్న కాలు విరిగి మంచం మీద ఉన్నారు, ఇంట్లో ఒకరు పనికి పోవాలి, అలా నేను పోయాను, అంతే. ఇంజను విప్పి మళ్లీ కట్టడం వచ్చు, కానీ కంపెనీ షోరూము సర్వీసులో చేరదామని వెళ్తే టెన్త్ ఉందా, ఐటీఐ ఉందా అని అడిగి పంపించేశారు. నా దగ్గర పని నేర్చుకున్న కుర్రాడు అక్కడే చేస్తున్నాడు ఇప్పుడు. వాడి మీద కోపం లేదు గానీ ఆ రోజు రాత్రి నిద్ర పట్టలేదు.
ఏడాదిగా యూట్యూబ్‌లో లెక్కలు, సైన్సు చూసుకుంటున్నా. ఇప్పుడు పరీక్ష రాయాలి. స్కూల్లో కూర్చోవడం కుదరదు. నేను చదివిన కాన్వెంట్ ఎప్పుడో ఎత్తేశారు, టీసీ తీసుకోలేదు. ఆధార్‌లో పుట్టిన తేదీ జనవరి 1 అని ఉంది, అది ఎవరు వేశారో తెలీదు. అసలు నాలాంటోడు పరీక్ష రాయొచ్చా?

రిటైర్డ్ మాస్టారు | ఆగస్టు 5, ఉదయం 5:48
రాయొచ్చు నాయనా. వయసు ఎక్కువైందన్న బెంగ వద్దు, ఓపెన్ స్కూలుకి, అంటే రోజూ బడికి వెళ్లకుండా ఇంట్లో చదువుకుని పరీక్ష రాసే పద్ధతికి, 14 నిండి ఉంటే చాలు, పైన హద్దు లేదు. మా సెంటర్లో అరవై దాటిన ఆవిడ రాశారు, మనవడు స్కూటర్ మీద దింపి వెళ్లేవాడు.
నీకు రెండు దారులు. ఒకటి మన రాష్ట్రానిది, ఏపీ ఓపెన్ స్కూల్ సొసైటీ, 1991లో ఉమ్మడి రాష్ట్రంలో పెట్టారు. తెలంగాణ వాళ్లకి ఇప్పుడు వేరే సొసైటీ ఉంది, టాస్ అంటారు. రెండోది కేంద్రానిది, ఎన్ఐఓఎస్, అంటే జాతీయ ఓపెన్ స్కూల్ సంస్థ, 1989 నుంచి ఉంది. రెండింట్లోనూ అడ్మిషన్ ఐదేళ్లు చెల్లుతుంది, ఆ ఐదేళ్లలో తొమ్మిది అవకాశాలు. ఒక సబ్జెక్టు పాసైతే అది నీ ఖాతాలో ఉండిపోతుంది, తప్పినవి మాత్రమే మళ్లీ రాసుకోవచ్చు. రెగ్యులర్ పిల్లలకి లేని సుఖం ఇది.
ముందు ఇవి చెప్పు. ఏ ఊళ్లో చదివావు? ఏ ఏడు మానేశావు? రికార్డ్ షీటు (స్కూలు రిజిస్టర్లోని నీ వివరాలు రాసిచ్చే కాగితం) గానీ పాత ప్రోగ్రెస్ కార్డు గానీ ఇంట్లో ఏమైనా ఉందా?

ఫాస్ట్‌పాస్ | ఆగస్టు 5, ఉదయం 9:02
[ఈ పోస్టు తీసేశాం. ఫోన్ నంబరు ఇచ్చి "పాస్ గ్యారంటీ" అమ్మేవాళ్లకి ఇక్కడ చోటు లేదు. – మోడరేటర్]

రివర్స్ గేర్ | ఆగస్టు 5, ఉదయం 9:40
మోడరేటర్ అన్నా, తీసేసి మంచి పని చేశావు. నేను నల్గొండ వైపు. అలాంటోడికి నేనొకసారి పన్నెండు వేలు కట్టిన. "నువ్వు రానవసరం లేదు, సర్టిఫికెట్ ఇంటికొస్తది" అన్నడు. నిజంగనే వచ్చింది, తళతళ మెరిసే హోలోగ్రాంతో. బోర్డు పేరు వింటే ఢిల్లీల పెద్ద ఆఫీసు అనిపిస్తది, తీరా చూస్తే ఆ పేరుతో గుర్తింపు ఉన్న బోర్డే లేదు. ఇప్పటికీ బీరువాల పెట్టుకున్న, చూసినప్పుడల్లా బుద్ధి రావాలని.
సత్తి తమ్ముడూ, ఒక్క మాట గుర్తుపెట్టుకో. పరీక్ష రాయకుండానే పాస్ చేయిస్తా అన్నోడు బోర్డు పేరు ఏది చెప్పినా నమ్మకు.

పానా సత్తి | ఆగస్టు 5, రాత్రి 10:55
మాస్టారూ, ఊరు గూడెం పక్కనే, పెంటపాడు వైపు. మానేసింది 2010 చివర్లో. ప్రోగ్రెస్ కార్డు లేదు. ఒక గ్రూప్ ఫొటో ఉంది, దాని మీద స్కూలు పేరు, ఏడాది రాసి ఉన్నాయి, అది పనికొస్తుందా?

రిటైర్డ్ మాస్టారు | ఆగస్టు 6, ఉదయం 5:31
ఫొటో ఆఫీసులో చెల్లదు గానీ జేబులో పెట్టుకుని వెళ్లు, రిజిస్టర్ వెతికే గుమస్తాకి ఏడాది చూపించడానికి పనికొస్తుంది. ప్రైవేటు స్కూలు మూతపడితే అడ్మిషన్ రిజిస్టర్లు విద్యాశాఖకి అప్పగించాలి. మండల విద్యాధికారి, అదే ఎంఈఓ ఆఫీసుకి వెళ్లి అడుగు, అక్కడ లేకపోతే జిల్లా విద్యాధికారి, డీఈఓ ఆఫీసు. ఒక్కసారి వెళ్తే దొరుకుతుందని అనుకోకు. కాగితం మీద అర్జీ రాసి, రెండో కాపీ మీద స్టాంపు వేయించుకో. ఉత్త మాటలతో అడిగితే "రేపు రా" అంటారు, స్టాంపు ఉంటే కనీసం బీరువా తీస్తారు.
దొరక్కపోతే అసలు బడికే వెళ్లనివాళ్లు ఎలా చేరతారో నువ్వూ అలాగే చేరొచ్చు. పుట్టిన తేదీకి సర్టిఫికెట్, నాకు చదవడం రాయడం వచ్చు అని సొంతంగా రాసిచ్చే డిక్లరేషన్. అంచేత టీసీ గురించి అంత దిగులు వద్దు. నాకు దిగులంతా నీ పుట్టిన తేదీ గురించే.

నెట్ సెంటర్ బాషా | ఆగస్టు 6, మధ్యాహ్నం 1:20
మాస్టారు చెప్పిన ఆఖరి లైను బంగారం. నంద్యాలలో నాకు నెట్ సెంటర్, సీజన్లో ఓపెన్ స్కూల్ అప్లికేషన్లు రోజూ చేస్తా. పది మంది వస్తే నలుగురికి ఆధార్‌లో జనవరి 1 ఉంటుంది. అప్పట్లో తేదీ తెలీదంటే ఆపరేటర్ ఏడాది ఒక్కటే కొట్టేవాడు, సిస్టమ్ జనవరి 1 వేసుకునేది. ఇక స్కూల్లో వేసిన తేదీలు చూడండి, సగం మంది జూన్‌లోనే పుట్టుంటారు. ఎందుకంటే బడి తెరిచేసరికి ఐదేళ్లు నిండాలి కదా, అయ్యవారు వేళ్ల మీద లెక్కేసి రాసేవారు.
బ్రదర్, టెన్త్ మెమో మీద పడిన తేదీయే ఇక జీవితాంతం. పాస్‌పోర్టుకి, ఉద్యోగానికి, రిటైర్మెంట్‌కి అదే చూస్తారు. ఆధార్‌లో పుట్టిన తేదీ మామూలుగా ఒక్కసారే మారుస్తారు. కాబట్టి తొందరపడి ఇవాళ ఒక తేదీ, రేపు ఇంకో తేదీ అని మార్పించకు. ముందు ఏ తేదీ ఉంచుకోవాలో తేల్చుకో, దానికి కాగితం తెచ్చుకో, ఆధార్ సరిచేయించు, ఆ తర్వాతే ఓపెన్ స్కూల్ ఫారం. మూడింట్లో ఒకటే తేదీ, ఒకటే స్పెల్లింగ్. ఇంటి పేరు ఇంగ్లీషులో ఎలా పడుతుందో అక్షరం అక్షరం చూడు. నేను సబ్మిట్ నొక్కే ముందు స్క్రీన్ తిప్పి చూపిస్తా, చాలామంది "మీరే చూడండి అన్నా" అంటారు, ఆరు నెలల తర్వాత మళ్లీ నా దగ్గరికే ఏడుస్తూ వస్తారు.

పానా సత్తి | ఆగస్టు 6, రాత్రి 11:30
అమ్మని అడిగాను బాషా అన్నా. "నవంబరు తుఫానుకి నువ్వు మూడు నెలల పిల్లోడివి, రేకు ఎగిరిపోతే నిన్ను పట్టుకుని బల్ల కింద కూర్చున్నా" అంది. ఆ తుఫాను 1996 నవంబరు 6న. అంటే నేను పుట్టింది ఆగస్టు 96. ఆధార్‌లో జనవరి 97. తేదీ మాత్రం అమ్మకి గుర్తులేదు, శ్రావణ మాసం, శుక్రవారం అంటుంది. 28 ఏళ్లొచ్చాయి, మొన్నటిదాకా నా పుట్టినరోజు జనవరి 1నే షెడ్డులో కేకు కోస్తున్నారు.

లెక్కల అక్క | ఆగస్టు 7, ఉదయం 7:15
శ్రావణ శుక్రవారం అంటే ఆ ఏడాది పంచాంగం తీస్తే మూడు నాలుగు తేదీలే తగులుతాయి, మీ అమ్మగారినే ఒకటి తేల్చమనండి :) ఆసుపత్రిలో పుట్టారా, ఇంట్లోనా? ఆసుపత్రి అయితే ఆ ఊరి పంచాయతీ లేదా మున్సిపాలిటీ రిజిస్టర్లో నిజంగానే నమోదై ఉండొచ్చు. ముందు అది చూడండి.

నెట్ సెంటర్ బాషా | ఆగస్టు 7, ఉదయం 11:05
అవును, మొదట జనన రిజిస్టర్. లేకపోతే రిజిస్టర్లో పేరు లేదని ఇచ్చే నాన్ అవైలబిలిటీ సర్టిఫికెట్ తీసుకుని ఆర్డీఓ ద్వారా లేట్ రిజిస్ట్రేషన్. టైం పడుతుంది, అందుకే ఇవాళే మొదలుపెట్టు. ఓపెన్ స్కూల్ నోటిఫికేషన్ వర్షాకాలంలోనే వస్తుంది, ఫైన్ లేకుండా ఒక గడువు, ఫైన్‌తో ఇంకోటి, రెండోది దాటితే మళ్లీ ఏడాది.

ఇంటిబడి అమ్మ | ఆగస్టు 7, మధ్యాహ్నం 3:44
మధ్యలో దూరుతున్నందుకు ఏమనుకోకండి, నాదీ దగ్గర ప్రశ్నే. హైదరాబాద్‌లో ఉంటాం. పాపని ఐదో తరగతి తర్వాత స్కూలు మాన్పించి ఇంట్లోనే చదివిస్తున్నాం. ఇప్పుడు పదమూడున్నర. మా బావగారేమో సీబీఎస్ఈకి ప్రైవేటుగా కట్టించండి అంటారు, మా నాన్నగారు "మా రోజుల్లో మెట్రిక్ ప్రైవేటుగానే కట్టాం, ఏమైంది" అంటారు. ఏది నిజం?

రిటైర్డ్ మాస్టారు | ఆగస్టు 8, ఉదయం 5:40
అమ్మా, మీ నాన్నగారి రోజుల మాట నిజమే, ఈ రోజులకి పనికిరాదు. ఇప్పుడు స్టేట్ టెన్త్‌లో ప్రైవేటు అంటే దాదాపుగా ఒకసారి రాసి తప్పినవాళ్లే. సీబీఎస్ఈలోనూ అంతే, తప్పినవాళ్లు, కంపార్ట్‌మెంట్ (ఒకటి రెండు సబ్జెక్టులే మిగిలిన) వాళ్లు, మార్కులు పెంచుకోవాలనుకునేవాళ్లు. ఢిల్లీ ఆడపిల్లలకీ, ప్రత్యేక అవసరాలున్న పిల్లలకీ కొన్ని వెసులుబాట్లు ఉన్నాయి గానీ, ఇంట్లో చదివి నేరుగా సీబీఎస్ఈ రాస్తాను అంటే మీ పాపకి కుదరదు. ఇంటి చదువు పిల్లలకి ఎన్ఐఓఎస్ తిన్నని దారి.

ఇంటిబడి అమ్మ | ఆగస్టు 8, ఉదయం 10:12
పాపకి 14 ఎప్పటికి నిండాలి? పరీక్ష రోజుకా?

రిటైర్డ్ మాస్టారు | ఆగస్టు 8, సాయంత్రం 6:20
పరీక్ష రోజుకి కాదు, అడ్మిషన్ సీజన్ని బట్టి ఉంటుంది. ఏప్రిల్-మే పరీక్షల బ్యాచ్ అయితే జూలై 31 లెక్క, అక్టోబరు-నవంబరు బ్యాచ్ అయితే జనవరి 31 లెక్క. పదమూడున్నర కాబట్టి కంగారు లేదు, జనవరి 31కి నిండితే ఆ బ్యాచ్, లేకపోతే తర్వాతది. స్కూలు కాగితం లేకపోయినా, పరీక్షకి సరిపడా ఇంట్లో చదివాను అనే సొంత సర్టిఫికెట్ తీసుకుంటారు. జనన ధ్రువపత్రం మాత్రం ఉండాలి.

దుబాయ్ జగిత్యాల | ఆగస్టు 8, రాత్రి 11:58
ఎన్ఐఓఎస్ గురించి నేను జెప్తా అక్కా. దుబాయ్‌ల ఉండి నేను రాసిన. గల్ఫ్ దేశాల్ల కూడా దానికి సెంటర్లున్నయి. నాకెందుకు కావాల్సొచ్చిందంటే పాస్‌పోర్టు. టెన్త్ లేనోళ్ల పాస్‌పోర్టు ఈసీఆర్, అంటే ఎమిగ్రేషన్ చెక్ కావాల్సినది, పద్దెనిమిది దేశాలకి పనికి పోవాలంటే ఎమిగ్రేషన్ క్లియరెన్సు ఉండాలె. టెన్త్ పాసైతే ఆ బాధ లేదు. మా ఊళ్ల సగం మంది ఓపెన్ టెన్త్ రాసేది గందుకే, కొలువు కోసం కాదు.
రాసేటప్పుడు నేను చేసిన తప్పు చెప్తున్న. టీఎంఏ అని ఉంటయి, ఇంట్లో రాసి పంపే అసైన్‌మెంట్లు. ఇవెవడు చూస్తడులే అని వదిలేసిన. అవి ఇరవై శాతం. సైన్సుల 31 వచ్చినయి, పాస్ 33. రెండు మార్కులకి ఆర్నెల్లు ఆగిన. మీ పాపతోని అవి తప్పకుండా రాయించున్రి.

ఇంటిబడి అమ్మ | ఆగస్టు 9, ఉదయం 9:15
అయ్యో! రెండు మార్కులా! థాంక్యూ అన్నా, ఇది ఎవరూ చెప్పలేదు. సైన్సు ప్రాక్టికల్ ఎలా? ఇంట్లో ల్యాబ్ లేదు కదా.

దుబాయ్ జగిత్యాల | ఆగస్టు 9, రాత్రి 10:40
మీకిచ్చిన స్టడీ సెంటర్ల చేపిస్తరు అక్కా. థియరీ వేరు, ప్రాక్టికల్ వేరు, రెండిట్ల విడివిడిగ పాస్ కావాలె. కాంటాక్ట్ క్లాసులు, అంటే సెంటర్ల చెప్పే పాఠాలు, ఆదివారాలు, సెలవు రోజులల్ల ఉంటయి. థియరీ క్లాసులకి పోకున్నా నడుస్తది, ప్రాక్టికల్ క్లాసులకి మాత్రం పోవాలె.

సాయి 2007 | ఆగస్టు 10, రాత్రి 12:35
హాయ్. నాది వేరే టెన్షన్. ఇంటర్ బైపీసీ కాలేజీ వాతావరణం పడక మానేశా. ప్రైవేటుగా ఇంటర్ కట్టి నీట్ రాయొచ్చా? మా ఫ్రెండ్స్ ఓపెన్ వాళ్లకి నీట్ లేదు అంటున్నారు.

లెక్కల అక్క | ఆగస్టు 10, ఉదయం 6:50
సాయీ, రెండు విషయాలు కలిపేస్తున్నావు. ఇంటర్ బోర్డులో ప్రైవేటుగా కట్టడం అంటే హాజరు మినహాయింపు ఫీజు కట్టి రాయడం. అది ఆర్ట్స్ గ్రూపులకే ఇస్తారు, సైన్సుకి ఇవ్వరు, ల్యాబ్ ఉంటుంది కాబట్టి. బైపీసీ కావాలంటే ఓపెన్ స్కూలు ఇంటరే. నీట్‌కి ఓపెన్ వాళ్లు అనర్హులు అనే రూలు ఒకప్పుడు పెట్టారు, 2018లో ఢిల్లీ హైకోర్టు కొట్టేసింది, 2024లో సుప్రీంకోర్టులో కూడా అది పిల్లలకి అనుకూలంగానే ముగిసింది. జేఈఈకి కూడా ఎన్ఐఓఎస్ వాళ్లు రాయొచ్చు, ఐదు సబ్జెక్టులు ఉండాలి. ఇంకోటి, ఎన్ఐఓఎస్‌లో టెన్త్‌కీ ట్వెల్త్ సర్టిఫికెట్‌కీ మధ్య రెండేళ్లు తేడా ఉండాలి, తొందరగా ఒక్క ఏడాదిలో గెంటేద్దాం అంటే కుదరదు.
అన్నట్టు, కాలేజీ మానేసిన సంగతి ఇంట్లో తెలుసా?

సాయి 2007 | ఆగస్టు 10, ఉదయం 7:30
అమ్మకి తెలుసు.

లెక్కల అక్క | ఆగస్టు 10, ఉదయం 7:41
సరే. నాన్నగారికి కూడా చెప్పు. నీ ప్రశ్నలు వేరే థ్రెడ్ పెట్టు, సత్తి గారిది మునిగిపోతోంది.

పానా సత్తి | సెప్టెంబరు 12, రాత్రి 11:20
నెల తర్వాత వచ్చాను, క్షమించండి, నాట్లు అయ్యేదాకా ట్రాక్టర్లు షెడ్డు వదల్లేదు.
ఎంఈఓ ఆఫీసుకి నాలుగుసార్లు తిరిగాను. మాస్టారు చెప్పినట్టు స్టాంపు వేయించుకున్నా. నాలుగోసారి రిజిస్టర్ దొరికింది, చెదలు పట్టి అంచులు పోయాయి గానీ నా పేరు ఉన్న వరస మిగిలింది. అందులో నా తేదీ ఏమని ఉందో చెప్పండి చూద్దాం. జూన్ 10, 1996. బాషా అన్నా, నీకు దండం.
ఇటు జనన రిజిస్టర్లో ఏమీ లేదు, ఇంట్లోనే పుట్టాను. అమ్మ చెప్పేది ఆగస్టు. స్కూలు జూన్. ఆధార్ జనవరి. ఏది పెట్టుకోవాలి?

రిటైర్డ్ మాస్టారు | సెప్టెంబరు 13, ఉదయం 5:25
ప్రభుత్వ రికార్డులో ఉన్న పాత కాగితం అదొక్కటే, దానికే విలువ. జూన్ 10 ఉంచుకో. రెండు నెలల వయసు ఎక్కువ పడినంత మాత్రాన నీకు పోయేదేమీ లేదు. రికార్డ్ షీటు తీసుకో, ఆధార్ కూడా ఆ తేదీకే మార్పించు. మీ అమ్మగారికి మాత్రం నేను జూన్‌లో పుట్టాను అని చెప్పబోకు.

రివర్స్ గేర్ | సెప్టెంబరు 13, ఉదయం 8:50
సత్తీ, నా కథ విను, నవ్వుకుంటవు. దొంగ సర్టిఫికెట్ దెబ్బ తిన్నాక 2009ల అంబేద్కర్ ఓపెన్ యూనివర్సిటీ ఎలిజిబిలిటీ టెస్ట్ రాసిన. టెన్త్, ఇంటర్ లేకున్నా పద్దెనిమిదేళ్లు నిండితే అప్పుడు ఆ టెస్ట్ రాసి డిగ్రీల చేరొచ్చు. మూడేళ్లల బీఏ అయింది. ఫొటో కట్టించి గోడకి పెట్టిన. తర్వాత ఎక్కడికి పోయినా "టెన్త్ మెమో తే, పుట్టిన తేదీ చూడాలె" అంటరు. బీఏ ఉంది సార్ అంటే, అది సరే టెన్త్ తే అంటరు. ఆఖరికి డిగ్రీ చదివినోణ్ణి పోయి టెన్త్ క్లాసు పరీక్షల కూర్చున్న. ఇన్విజిలేటర్ మేడం నా డిగ్రీల నాతోని చదివినామె. హాల్ టికెట్ చూసి, నన్ను చూసి, ఏమనలే, ఫ్యాన్ కింద బెంచీ చూపించింది.

లెక్కల అక్క | సెప్టెంబరు 13, మధ్యాహ్నం 2:05
:) :) ఇది సినిమా తీయొచ్చు.
సత్తి గారూ, సబ్జెక్టులు ఎంచుకున్నారా? ఓపెన్‌లో లెక్కలు తప్పనిసరి కాదు, భాషలు కాకుండా మిగతావాటిలో హోమ్ సైన్సు, సైకాలజీ లాంటివి పెట్టుకుని బయటపడేవాళ్లు ఎక్కువ. సెంటర్ వాళ్లు కూడా "లెక్కలు వద్దులే, ఫలానాది పెట్టుకో, ఈజీ" అని చెప్తారు. మీరు ఆ మాట వినకండి. ఐటీఐలో డీజిల్ మెకానిక్ లాంటి ట్రేడ్లకి టెన్త్‌లో లెక్కలు, సైన్సు చూస్తారు. పాలిటెక్నిక్‌కి కూడా లెక్కలు ఉండాలి. పాస్ కాగితం ఒక్కటే కావాలంటే వదిలేయొచ్చు, మీకు కావాల్సింది షోరూము ఉద్యోగం.

రిటైర్డ్ మాస్టారు | సెప్టెంబరు 13, సాయంత్రం 5:50
అమ్మాయి చెప్పింది సబబే గానీ నేను కొంచెం అడ్డం వస్తాను. మా సెంటర్లో లెక్కలు పెట్టుకుని ఐదేళ్లు అదొక్కటే తప్పి వదిలేసిన వాళ్లని చాలామందిని చూశాను. ముందు కాగితం చేతికి రానీ, తర్వాత లెక్కలు అదనంగా రాసుకోవచ్చు అని నేను చెప్పేవాణ్ణి.

లెక్కల అక్క | సెప్టెంబరు 13, రాత్రి 8:30
మాస్టారూ, మీ మాట కాదనను, కానీ "తర్వాత రాసుకో" అన్నవాళ్లలో తర్వాత ఎంతమంది రాశారు? ఈయన ఏడాదిగా లెక్కలు చూసుకుంటున్నారు సొంతంగా. సత్తి గారూ, మీకు ఎక్కడ ఇబ్బంది అవుతోందో చెప్పండి, అప్పుడు తేలుద్దాం.

పానా సత్తి | సెప్టెంబరు 14, రాత్రి 11:45
అక్కా, నిజం చెప్తా. నిష్పత్తి నాకు వచ్చు. చిన్న పళ్ల చక్రం పదిహేను పళ్లు, పెద్దది అరవై అయితే చిన్నది నాలుగు తిరిగితే పెద్దది ఒకటి తిరుగుతుంది, ఇది నాకు ఎవరూ చెప్పక్కర్లేదు. అంగుళాల పానా మిల్లీమీటర్లలోకి నోటితో చెప్తా. కానీ పుస్తకం తెరిస్తే "కరణీయ సంఖ్యలు", "అకరణీయ సంఖ్యలు" అని ఉంటాయి. యూట్యూబ్ సార్ రేషనల్, ఇర్రేషనల్ అంటాడు. ముందు అ ఉంది కాబట్టి అకరణీయ అంటే ఇర్రేషనల్ అనుకుని మూడు వారాలు తప్పు చదివాను. తీరా చూస్తే అకరణీయ అంటేనే రేషనల్. అలాగే "నిరూపించుము" అని అడిగినప్పుడు నాకు జవాబు తెలుసు, కానీ తెలిసినదాన్ని ఎందుకు నిరూపించాలో అర్థం కాదు.
ఇంకోటి, సిగ్గేస్తుంది చెప్పడానికి. నిన్న ఒక పాత పేపరు ముందు పెట్టుకుని రాయడానికి కూర్చున్నా. పేజీన్నరకి బొటనవేలు పట్టేసింది. పదమూడేళ్లలో నేను పెన్ను పట్టుకుంది బిల్లు మీద సంతకానికే. కాగితం మీద గ్రీజు వేలిముద్ర ఒకటి పడింది, చేతులు కడుక్కునే కూర్చున్నా అయినా.

లెక్కల అక్క | సెప్టెంబరు 15, ఉదయం 6:40
ఇందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదండీ. మీకు లెక్కలు వచ్చు, పాఠ్యపుస్తకం తెలుగు రాదు, అంతే. ఒక చిన్న నోట్‌బుక్‌లో ఎడమ పక్క వీడియో మాట, కుడి పక్క పుస్తకం మాట రాసుకోండి. రేషనల్ – అకరణీయ. పాలినామియల్ – బహుపది. స్లోప్ – వాలు. వంద మాటలు కూడా ఉండవు. అది నెలలో వచ్చేస్తుంది. లేదా ఇంగ్లీషు మీడియం పెట్టుకోవాలి, అప్పుడు సైన్సు, సోషల్ జవాబులు ఇంగ్లీషులో రాయాలి, మీకు అది ఇంకా కష్టం. మీడియం ఫారంలో ఒకసారి పెట్టాక మారడం తలనొప్పి, ఇప్పుడే ఆలోచించుకోండి.
నిరూపించుము గురించి: ఇంజను స్టార్ట్ అవ్వడం లేదని ఓనర్ వస్తే మీరు "నాజిల్ పోయింది" అంటారు. ఓనర్ నమ్మడు. అప్పుడు ఏం చేస్తారు? డీజిల్ వస్తోందా, ఎయిర్ పట్టిందా, ఒక్కొక్కటి విప్పి చూపించి, ఇవేవీ కాదు కాబట్టి ఇదే అంటారు. పేపర్ దిద్దేవాడు ఆ ఓనర్ అనుకోండి.
చేతి నొప్పికి మందు ఒకటే. రోజూ రెండు పేజీలు చూచిరాత, సోషల్ పుస్తకం ముందు పెట్టుకుని. దసరా దాటాక ప్రతి ఆదివారం ఒక పాత పేపరు, కుర్చీ బల్ల మీద, మధ్యలో లేవకుండా, ఫోన్ వేరే గదిలో పెట్టి. మంచం మీద కూర్చుని రాసింది లెక్కలోకి రాదు.

రిటైర్డ్ మాస్టారు | సెప్టెంబరు 15, సాయంత్రం 6:15
ఇది చదివాక నా మాట వెనక్కి తీసుకుంటున్నాను. లెక్కలు పెట్టుకో నాయనా. పళ్ల చక్రం తెలిసినవాడికి మన రాష్ట్ర ఓపెన్‌లో పాస్ మార్కులు 35 కష్టం కాదు.

పానా సత్తి | అక్టోబరు 9, రాత్రి 10:30
అప్లికేషన్ అయిపోయింది. తెలుగు, ఇంగ్లీషు, లెక్కలు, సైన్సు, సోషల్. తెలుగు మీడియం. ఆధార్ మారింది, జూన్ 10. గూడెంలోనే ఒక గవర్నమెంటు హైస్కూల్లో సెంటర్. పుస్తకాలు ఇచ్చారు. సెంటర్లో ఒకాయన పక్కకి పిలిచి, పరీక్షల టైముకి కొంచెం ఖర్చు పెట్టుకుంటే "చూసుకుంటాం" అన్నాడు. ఏం చెప్పాలో తెలీక "మా ఓనర్‌ని అడిగి చెప్తా" అన్నా.

నెట్ సెంటర్ బాషా | అక్టోబరు 9, రాత్రి 11:02
హహ, ఓనర్‌ని అడగడం బాగుంది. ఇవ్వకు. స్క్వాడ్ వచ్చిన రోజు డబ్బు తీసుకున్నవాడు ముందు బాత్రూంలోకి పోతాడు, డిబార్ అయ్యేది నువ్వు.

రిటైర్డ్ మాస్టారు | అక్టోబరు 10, ఉదయం 5:35
నేను పాతికేళ్లు ఉపాధ్యాయుణ్ణి, చెప్పుకోవడానికి బాధగా ఉన్నా నిజమే, ఇలాంటివి ఉన్నాయి. మళ్లీ అడిగితే వినపడనట్టు ఊరుకో. గొడవ పెట్టుకోకు, ఇవ్వకు. ఆ స్కూల్లోనే మంచి సైన్సు టీచర్ ఎవరో ఒకరు ఉంటారు, ఆదివారం క్లాసుకి వెళ్లి వారిని పట్టుకో.

పానా సత్తి | జనవరి 1, రాత్రి 9:15
ఈ రోజు షెడ్డులో కేకు తెచ్చారు మళ్లీ. జూన్‌లో కోద్దాం అన్నా, ఎవరూ నమ్మలేదు. కోశాను.
పేపర్లు పద్నాలుగు రాశాను ఇప్పటికి. చేతి నొప్పి పోయింది. సోషల్ ఇంకా గుర్తుండటం లేదు.

లెక్కల అక్క | జనవరి 2, ఉదయం 7:00
సోషల్‌లో మ్యాప్ వదలకండి. చేత్తో పని చేసేవాళ్లకి బొమ్మ తొందరగా పడుతుంది. గోదావరి ఎక్కడ పుట్టి ఎక్కడ కలుస్తుందో మీ ఊరివాళ్లకి నేను చెప్పక్కర్లేదు.

పానా సత్తి | మార్చి 30, రాత్రి 8:40
రాసేశాను. లెక్కల రోజు ఒక్కటే చెప్తా. మొదటి పావుగంట పేపరు చదువుతుంటే చెమట పట్టేసింది, ఒక్క ముక్క అర్థం కాలేదు. నా పక్కన ఒక పెద్దాయన, యాభై ఉంటాయి, పేపరు చూడకుండా ముందు పెన్ను మూత తీసి, ఇంకు వస్తోందా అని అరచేతి మీద గీత గీసుకుని చూసుకున్నారు. నేనూ అలాగే గీసుకున్నా. అప్పుడు ఆరో ప్రశ్న కనపడింది, నిష్పత్తి. అక్కడ నుంచి మొదలుపెట్టాను.

దుబాయ్ జగిత్యాల | మార్చి 30, రాత్రి 11:50
సూపర్ తమ్మీ. పాసైనంక పాస్‌పోర్టు అప్లై చెయ్యి, పోయినా పోకున్నా దగ్గర ఉంచుకో.

పానా సత్తి | ఏప్రిల్ 24, మధ్యాహ్నం 12:10
తెలుగు 61, ఇంగ్లీషు 38, లెక్కలు 54, సైన్సు 57, సోషల్ 29.
సోషల్ పోయింది. మ్యాప్ వేశాను అక్కా, గోదావరి కరెక్టే.

లెక్కల అక్క | ఏప్రిల్ 24, మధ్యాహ్నం 12:14
లెక్కలు 54!!

రివర్స్ గేర్ | ఏప్రిల్ 24, మధ్యాహ్నం 12:31
నాలుగు నీ ఖాతల పడ్డయి. మిగిలింది ఒక్కటే. సప్లిమెంటరీ ఫీజు గడువు ఇవాళే చూసుకో, రేపు అనకు.

పానా సత్తి | ఏప్రిల్ 24, రాత్రి 10:05
కట్టేశాను సాయంత్రమే. షెడ్డులో అందరూ పాసయ్యావా అని అడిగితే నాలుగింట అయ్యా అన్నాను, ఓనర్ "నాలుగు సిలిండర్లలో మూడు కొడుతున్నా బండి నడుస్తుంది" అన్నాడు.

చిన్నారావు 99 | తర్వాతి ఏడాది, ఆగస్టు 19, రాత్రి 1:15
పాత థ్రెడ్ అని తెలుసు, క్షమించండి. శ్రీకాకుళం జిల్లా. ఎనిమిదిలో మానేశాను, చెన్నైలో తాపీ పని. టెన్త్ కట్టాలి. ఎవరైనా ఉన్నారా?

పానా సత్తి | ఆగస్టు 19, ఉదయం 6:05
ఉన్నాం తమ్ముడూ. సోషల్ సప్లిమెంటరీలో గట్టెక్కింది నాది, ఇప్పుడు ఐటీఐలో ఉన్నా. ఏ ఊళ్లో చదివావు? ఏ ఏడు మానేశావు? ముందు ఆధార్ తీసి పుట్టిన తేదీ ఏముందో చూసి చెప్పు.

చిన్నారావు 99 | ఆగస్టు 19, ఉదయం 6:20
జనవరి 1 అన్నా.